పలకని పన్నెండో కంప్యూటర్

సిరొంచ,
18 జూన్ 2007.

చిరంజీవి జ్యోత్స్నకు,

మేనమామ రాజలింగు దీవెనలు. ఇక్కడ మీ అత్త దుర్గమ్మ మోకాలు తప్ప అందరం క్షేమం.

నువ్వు గడ్చిరోలిలో ఆఫీసుల కంప్యూటర్లకు తీగలు వేసి, అవి మొరాయిస్తే దారికి తెచ్చే ఉద్యోగంలో ఉన్నావు కనుక ఒక సంగతి అడుగుతున్నాను. ఫోను చేయవచ్చు. కానీ కాలేజీ ఫోను ప్రిన్సిపాల్ సారు బల్ల మీద ఉంది. బస్టాండు బూత్‌లో మాట్లాడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తెలుగులో రాస్తే ఆ భయం లేదు. ఇక్కడ తెలుగు మాట్లాడేవారు ఊరంతా ఉన్నారు, చదివేవారు పదిమంది ఉండరు. నీకు నేను అక్షరాలు దిద్దించింది ఇందుకే పనికొచ్చింది.

మా జూనియర్ కాలేజీకి చలికాలంలో పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. పెట్టెల మీది గుర్తులతో సహా స్టాకు రిజిస్టర్లో నా చేతితోనే ఎక్కించాను. మొన్న ప్రిన్సిపాల్ సారు లెక్క పెట్టిస్తే పదకొండే ఉన్నాయి. పన్నెండోది పెట్టె కూడా విప్పకుండానే మాయమైందని అంటున్నారు. విచారణ బాధ్యత పెద్ద క్లర్కుగా నాకే అప్పగించారు.

ల్యాబు చూసుకునే సిద్ధార్థ్ అనే కుర్ర మాస్టారు ఒక మాట అన్నాడు. ఆ కంప్యూటర్ కాలేజీలోనే ఎక్కడైనా తీగకు తగిలించి ఉంటే, కూర్చున్న చోటి నుంచే కనిపెట్టవచ్చట. ఇది నిజమేనా? నిజమైతే ఎంతవరకు నిజం? తప్పించుకునే మార్గం ఏమైనా ఉంటుందా? అంటే దొంగకు.

క్లర్కులందరూ కంప్యూటర్ పరీక్ష పాసు కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సెప్టెంబరు ఆఖర్లో పరీక్ష. మావాళ్లంతా పరేషాన్‌లో ఉన్నారు. నాకేం లేదు.

నీ మామ,
రాజలింగు


గడ్చిరోలి,
27 జూన్ 2007.

మామా,

అత్త మోకాలికి ఆవనూనె పంపిస్తున్నాను. మన అల్లపల్లి బస్సు డ్రైవరు తెస్తాడు, అడిగి తీసుకో.

సిద్ధార్థ్ చెప్పింది నిజమే. ల్యాబులో ఒక తీగకు కట్టిన కంప్యూటర్లన్నీ ఒక తరగతిలో పిల్లల్లాంటివి. ఒక్కోదానికి ఒక్కో నంబరు. మాస్టారు హాజరు పిలిచినట్టు ఒక కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒకటి నుంచి రెండువందల యాభై నాలుగు దాకా వరసగా పిలవాలి. దీన్ని పింగ్ కొట్టడం అంటాం. ఉన్నది పలుకుతుంది. లేనిది పలకదు. మొత్తం పిలవడానికి పావుగంట కూడా పట్టదు. ఎలా చేయాలో వేరే కాగితం మీద మరాఠీలో రాసి పెట్టాను, సిద్ధార్థ్‌కు ఇవ్వు.

దొంగ మీద నీకింత శ్రద్ధ ఎందుకో అర్థం కాలేదు. తప్పించుకునే మార్గం అడిగిన విచారణ అధికారిని నిన్నొక్కడినే చూశాను.

పరీక్షకు నువ్వెలా చదువుతున్నావు? ‘నాకేం లేదు’ అంటే నాకు చాలదు.

జ్యోత్స్న


సిరొంచ,
9 జూలై 2007.

బంగారు తల్లీ జ్యోత్స్నా,

ఆవనూనె అందింది. నీ కాగితం కూడా అందింది. నువ్వు మన ఇంటి పేరు నిలబెట్టావు.

సిద్ధార్థ్ మొన్న మధ్యాహ్నం అందరి ముందూ హాజరు పిలిచాడు. ప్రిన్సిపాల్ సారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను పక్కనే నిలబడి కాగితం మీద గీతలు పెట్టాను. పదకొండు పలికాయి. తక్కినవి ఒక్కటీ పలకలేదు. సిద్ధార్థ్ రెండోసారి పిలిచాడు. అప్పుడూ పదకొండే. చెమట తుడుచుకుని ఇంటికి వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగాను. పోయిన వస్తువు దొరకకపోతే ఇంత ఆనందం ఏమిటని మీ అత్త అడిగింది. విచారణ ముగిసిన ఆనందమని చెప్పాను.

అయితే ముగియలేదు. కాలేజీలో లేదంటే బయటికి పోయిందన్నమాటే కదా అన్నారు ప్రిన్సిపాల్ సారు. తాళం చెవులు సోనుబాయి దగ్గర ఉంటాయి. గదులు ఊడ్చి, గంట కొట్టే మనిషి. పర్మనెంటు కాదు. పొద్దున పిలిచి, కంప్యూటర్ దొరికేదాకా పనికి రావద్దన్నారు. ఆ మాట కాగితం మీద రాయించి నోటీసు బోర్డుకు అంటించారు. రాసింది నేనే, నా ఉద్యోగం కనుక. ఆమె చెవుల గుత్తి నా బల్ల మీద పెట్టి, నా ముఖం ఒకసారి చూసి వెళ్లిపోయింది.

నాకు అన్నం సయించడం లేదు. అయినా పెద్ద విషయమేమీ కాదు, దొరక్కుండా పోతుందా. అది మంచి మిషను. తక్కిన వాటి మౌసుల అడుగున గోలీ ఉండి మాటిమాటికి దుమ్ము పడుతుంది. దాని మౌసుకు గోలీ లేదు, కింద ఎర్రటి వెలుతురు, నూనె రాసినట్టు జారుతుంది.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఒక కంప్యూటర్ తీగకు తగిలించే ఉండి, పిలిచినా పలకకుండా కూర్చుంటే, ఇక దాన్ని ఎవరూ కనిపెట్టలేరు కదా?

రాజలింగు


గడ్చిరోలి,
20 జూలై 2007.

మామా,

కనిపెట్టగలరు.

పలకకపోతే లేదనుకోవడం సిద్ధార్థ్ పొరపాటు, మొదటి ఉత్తరంలో అలా రాసిన నాదీ పొరపాటే. ఈమధ్య వచ్చే కంప్యూటర్లకు ఫైర్‌వాల్ అని ఒక కాపలా ముందే పెట్టి పంపుతున్నారు. అది లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చుంటుంది. ముక్కూమొహం తెలియనివాడు ఎవరు పిలిచినా పలకదు. ఇంట్లో మనిషి ఉన్నా లేనట్టే. ల్యాబులోని పదకొండింటికీ సిద్ధార్థ్ ఆ గొళ్లెం తీసేసి ఉంటాడు, లేకపోతే అవి ఒకదాని ఫైళ్లు ఒకటి తీసుకోలేవు. పన్నెండోదాని జోలికి అతను వెళ్లలేదు కనుక దానికి గొళ్లెం అలాగే ఉంది.

కానీ ఒకే తీగ మీద ఉన్నవాళ్ల మధ్య ఇంకో ప్రశ్న ఉంది. ‘ఫలానా నంబరు ఎవరిది?’ అని. దానికి మాత్రం ప్రతి మిషనూ జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఫైళ్లు తెచ్చే తోవ దానికే మూసుకుపోతుంది. ఫైర్‌వాల్ ఈ జవాబుకు అడ్డం రాదు. ఆ జవాబులో మిషను తయారైనప్పుడే దాని మీద పడిన పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది.

కాబట్టి చేయవలసింది ఇది. ముందు మామూలుగానే పింగ్ కొట్టాలి. అది పలకదు. పలకకపోయినా ఆ వంకన ఈ రెండో ప్రశ్న వెళ్లి, జవాబు వచ్చి ఉంటుంది. వెంటనే ఏఆర్‌పీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న గీత, ఏ కొడితే జవాబు చెప్పినవాళ్ల జాబితా వస్తుంది. నువ్వు స్టాకు రిజిస్టర్లో ఎక్కించిన గుర్తులతో పోల్చి చూస్తే సరి. నోరు విప్పనిది కూడా పేరుతో సహా దొరుకుతుంది.

ఇక నా ప్రశ్న. పన్నెండోది పెట్టె విప్పకుండానే మాయమైందని జూన్‌లో రాశావు. దాని మౌసు అడుగున ఎర్ర వెలుతురు ఉందని జూలైలో రాశావు. నూనె రాసినట్టు జారుతుందని కూడా రాశావు.

మామా, అది ఎక్కడుంది?

జ్యోత్స్న


సిరొంచ,
2 ఆగస్టు 2007.

చిరంజీవి జ్యోత్స్నకు దీవెనలు.

ఇక్కడ వానలు ఆగడం లేదు. ప్రాణహిత నిండుగా పారుతోంది. అల్లపల్లి తోవలో వాగు పొంగి మూడు రోజులు బస్సు రాలేదు. వరినాట్లు సగం పడ్డాయి. నాట్లేసే మనుషులు దొరకడం లేదని అందరూ మొత్తుకుంటున్నారు. మీ అత్త మోకాలు ఆవనూనెతో కొంచెం వంగుతోంది, కానీ మళ్లీ చాపడం కష్టంగా ఉంది. మన ఎర్ర బర్రె ఈనింది, దున్నపోతు దూడ. పక్కింటి గంగక్క ఇంటి మీద రేకులు లేచిపోతే నేనూ వెళ్లి పట్టుకున్నాను. ఈసారి చింతచిగురు కూడా బాగా వచ్చింది.

నీ ఉత్తరం పోస్టు సంచిలో తడిసి వచ్చింది. పై సగం చదవగలిగాను, చాలా విజ్ఞానదాయకంగా ఉంది. కింది సగం సిరా కరిగిపోయి ఒక్క ముక్క అర్థం కాలేదు. ముఖ్యమైనది ఏమీ కాదనుకుంటాను.

రాజలింగు


గడ్చిరోలి,
11 ఆగస్టు 2007.

మామా,

నేను రాసింది బాల్‌పెన్నుతో. అది కరగదు.

ఆ ఉత్తరం మొత్తం మళ్లీ రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దీనితో పంపుతున్నాను. ఇదే సంచిలో సిద్ధార్థ్‌కు కూడా మరాఠీలో ఒక ఉత్తరం వేశాను. అందులో ఏఆర్‌పీ పద్ధతి తప్ప ఇంకేమీ లేదు. నీ పేరు లేదు, మౌసు సంగతీ లేదు.

చిన్నప్పుడు పలక మీద తప్పు రాసి చేత్తో తుడిచేస్తే నువ్వు ఒప్పుకునేవాడివి కాదు. తప్పు కనిపించేటట్టు ఉంచి పక్కన సరైనది రాయమనేవాడివి.

సోనుబాయి ఇప్పుడు ఏం చేస్తోంది? ఆమె గురించి పోయిన ఉత్తరంలో ఒక్క మాట లేదు. బర్రె గురించి ఉంది.

జ్యోత్స్న


సిరొంచ,
24 ఆగస్టు 2007.

జ్యోత్స్నా,

ఈ ఉత్తరంలో వానల సంగతి రాయను.

కంప్యూటర్ నా దగ్గరే ఉంది. రికార్డు గదిలో, పాత హాజరు పట్టీల బీరువా వెనక, గోనెపట్టా కింద. మార్చి నెలలో క్లర్కులకు శిక్షణ అని ల్యాబులో పదకొండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. బాణాన్ని ఆ మూలకు తీసుకుపొమ్మన్నాడు సిద్ధార్థ్. మౌసు జరిపాను, జరిపాను, బల్ల అయిపోయింది, బాణం ఇంకా సగం దూరంలోనే ఉంది. ‘జర బల్ల ఇటు జరుపున్రి’ అన్నాను. మౌసు ఎత్తి మళ్లీ పెట్టుకోవచ్చని నాకెవరు చెప్పారు? ఆ ఆడపిల్లలు నవ్విన నవ్వు ప్రిన్సిపాల్ గది దాకా వినిపించింది. ముప్పై ఏళ్లు ఈ కాలేజీలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

ఆ వారమే పన్నెండో పెట్టెను రికార్డు గదికి మోసుకుపోయాను. ఆఫీసు కోసమని సిద్ధార్థ్ ఎప్పుడో అక్కడిదాకా వేసిన తీగ ఒకటి ఊరికే వేలాడుతోంది, తగిలించాను. పరీక్ష నమూనా ప్రశ్నలు ల్యాబు మిషన్‌లో ఉన్నాయి, వాటిని తెచ్చుకోవడానికి. రోజూ అయిదు నుంచి ఆరున్నర దాకా తలుపేసుకుని నేర్చుకున్నాను. నెల రోజుల్లో తిరిగి పెట్టేద్దామనుకున్నది మూడు నెలలైంది. ఇంతలో లెక్క పెట్టారు. ఆ రోజు నోరు రాలేదు. మర్నాడు ఇంకా కష్టమైంది. తర్వాత విచారణ నాకే ఇచ్చారు. హాజరు పిలిచే రోజు తీగ పీకేస్తే చాలునని కూడా నాకు తెలియలేదు.

నీ రెండు ఉత్తరాలూ పోయిన గురువారం వచ్చాయి. కాలేజీ టపా తీసుకునేది నేనే. సిద్ధార్థ్ ఉత్తరాన్ని ఒక రోజంతా నా అంగీ జేబులో పెట్టుకు తిరిగాను. ఇది కూడా నీకు తెలియాలి.

శుక్రవారం కాలేజీకి పోతుంటే రోడ్డు పక్క మడిలో నాట్లు పడుతున్నాయి. మోకాలి లోతు బురదలో సోనుబాయి ఉంది. నన్ను చూసి నడుం ఎత్తింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“సారు, రికార్డు గది కిటికీ మూసిన్రా?” అన్నది. “పడమటి జల్లు కొడ్తాంది. మిషన్ తడిస్తె ఖరాబైతది.”

నేను రోడ్డు దిగి గట్టు మీదికి పోయాను.

“నీకెట్ల తెలుసు?” అన్నాను.

“ఊడ్చేదాన్ని నేనే గద. మీరు పట్టా కప్పి పోతుంటిరి, నేను తీసి దుమ్ము తుడిచి మల్ల కప్పుతుంటి. రెండుసార్లు బంద్ చెయ్యకనే పోయిన్రు. నేనే వైరు గుంజిన.”

“మరి ప్రిన్సిపాల్ సారు అడిగినప్పుడు చెప్పకపోతివి?”

“ఎవరు నమ్ముతరు సారు? పెద్ద క్లర్కు దాచిండని ఊడ్చే మనిషి చెప్తే, దొంగతనం మీద అబద్ధం గూడ నెత్తిన పెడుదురు. మీరు చెప్తేనే అది నిజమైతది.”

అని మళ్లీ వంగి నారు పట్టుకుంది. నేను అక్కడి నుంచి తిన్నగా ల్యాబుకు పోయి ఉత్తరం సిద్ధార్థ్ చేతిలో పెట్టాను. ‘సారును పిలిచి ఇది చెయ్యి’ అని, రికార్డు గదికి పోయి మిషను ఆన్ చేసి దాని ముందు కూర్చున్నాను. తలుపు తీసే ఉంచాను.

తర్వాత సిద్ధార్థ్ చెప్పాడు. పింగ్‌కు మామూలుగానే పదకొండు పలికాయట. నువ్వు రాసినట్టు ఏఆర్‌పీ కొడితే జాబితాలో పన్నెండు. రిజిస్టర్ తెచ్చి అక్షరం అక్షరం పోల్చారు. నా దస్తూరీతో ఉన్న పన్నెండో గుర్తే. ప్రిన్సిపాల్ సారు కుర్చీలోంచి లేచారట. తీగలు వచ్చి కలిసే పెట్టె దగ్గర ఒక్కొక్కటే పీకి చూసుకుంటూ, తీగ పట్టుకుని నా గదికి వచ్చారు. వెనక సగం కాలేజీ వచ్చింది.

ప్రిన్సిపాల్ సారు నన్ను, మిషన్‌ను చూసి నా రెండు చేతులూ పట్టుకున్నారు. “రాజలింగూజీ, పట్టేసిన్రు! సోనుబాయి ఇక్కడ దాచిందా?”

“లేదు సారు. దాచింది నేను.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “పేద మనిషిని కాపాడదామని తప్పు మీ మీద ఏసుకుంటున్నరు. మీరు దేవుడు.”

“దేవుడు కాదు సారు, దొంగ. మార్చి నుంచి నేర్చుకుంటున్న.”

“మీరా? మీకు మౌసు పట్టుకోవుడే రాదు గద.”

వెనక నిలబడ్డ పిల్లలు అవునవునన్నారు. బిడ్డా, నా జీవితంలో ఇంత అవమానం లేదు. నేరం ఒప్పుకుంటే, నీకంత తెలివెక్కడిదని కొట్టిపారేస్తున్నారు. చివరికి ఇలా కాదని ఒక కొత్త కాగితం తెరిచాను. సోనుబాయిని తిరిగి పనిలోకి తీసుకునే ఉత్తర్వు మరాఠీలో టైపు చేయడం మొదలుపెట్టాను. రెండు వేళ్లతో. ముప్పైయైదు నిమిషాలు పట్టింది. ఎవరూ కదల్లేదు. ఒకచోట ఒత్తు దొరక్క వెతుకుతుంటే ఒక ఆడపిల్ల ‘షిఫ్టు నొక్కున్రి సారు’ అన్నది. శీర్షిక మధ్యలోకి తెచ్చి, లావు చేసి, కింద గీత కూడా గీశాను. సిద్ధార్థ్ దాన్ని ల్యాబులో ముద్రించి తెస్తే ప్రిన్సిపాల్ సారు ముందు పెట్టాను.

ఆయన దాన్ని పైనుంచి కింది దాకా చదివి, “అయితే మీరే” అన్నారు. కుర్చీలో కూలబడి సంతకం చేశారు. నాకు మెమో ఇస్తానన్నారు. ఆ మెమో కూడా నన్నే టైపు చేయమన్నారు.

నీ మామ


గడ్చిరోలి,
3 సెప్టెంబరు 2007.

మామా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వితే మా సారు ఏమైందని అడిగాడు. దొంగ దొరికాడు, కానీ ఎవరూ నమ్మలేదట అని చెప్పాను.

ఏడుపు కూడా వచ్చింది. అది ఆయనకు చెప్పలేదు.

అంతా రాశావు, సోనుబాయి తిరిగి వచ్చిందో లేదో రాయలేదు. వచ్చిందా?

జ్యోత్స్న


సిరొంచ,
15 సెప్టెంబరు 2007.

జ్యోత్స్నా,

అప్పటికి రాలేదు. అందుకే రాయలేదు.

ఉత్తర్వు పంపి పది రోజులు చూశాను. గంట సిద్ధార్థ్ కొడుతున్నాడు, ఒక రోజు మూడో పీరియడు రెండుసార్లు వచ్చింది. చివరికి నేనే వాళ్ల ఇంటికి పోయాను. వాకిట్లో చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. కూర్చోమంది, నీళ్లిచ్చింది.

“ఎందుకు వస్తలెవ్వు?” అని అడిగాను.

లోపలికి పోయి ఉత్తర్వు తెచ్చింది. మడత విప్పి వేలు పెట్టి చూపింది.

“నేను నాలుగు దాక చదివిన సారు. పోయిన కంప్యూటర్ దొరికింది గన్క నన్ను మల్ల తీస్కుంటున్నమని రాసిన్రు. అది పోయిందా?”

“పోలేదు.”

“దొరికిందా?”

“దొరకుడేంది. నా దగ్గర్నే ఉండె.”

“మరి గట్లనే రాయిన్రి,” అని మళ్లీ చాట అందుకుంది. “గిట్ల రాస్తే, ఊరోళ్లు సోనుబాయే తెచ్చి పెట్టింది కావచ్చంటరు.”

నేను ముప్పై ఏళ్లుగా ఉత్తర్వులు రాస్తున్నాను. అందులో ఎవరు ఏం చేశారో కనిపించకుండా రాయడమే నాకు వచ్చిన విద్య. ఆ రోజు అందరి ముందూ అంత తెగించి టైపు చేసినా, వేళ్లు మాత్రం వాటి అలవాటు ప్రకారమే పోయాయి.

తిరిగి వచ్చి మళ్లీ టైపు చేశాను. ‘పెద్ద క్లర్కు రాజలింగు సదరు కంప్యూటర్‌ను ఎవరికీ చెప్పకుండా తన గదిలో ఉంచుకున్నాడు. ఇందులో సోనుబాయి తప్పు ఏమీ లేదు. ఆమెను పని నుంచి తప్పించడం కాలేజీ పొరపాటు.’ ఈసారి పదిహేడు నిమిషాలే పట్టింది. ప్రిన్సిపాల్ సారు చదివి పెన్ను కింద పెట్టారు.

“ఇది బోర్డుకు పెడుదమా రాజలింగూజీ? కాలేజీ పేరు పోతది. లోపల లోపల ఇచ్చేద్దం.”

“ఆమెను రావద్దన్న కాగితం బోర్డుకే పెడితిమి గద సారు. రాసింది గూడ నేనే.”

ఆయన కిటికీ వైపు చూశారు, నా వైపు చూశారు, సంతకం చేశారు. చివరి వాక్యం మీద ఒకసారి పెన్ను ఆగింది కానీ కొట్టేయలేదు.

కాగితం నేనే అంటించాను. అంటించి నా బల్ల దగ్గరికి పోతుంటే పిల్లలు గుంపుగా చేరి గట్టిగా చదవడం వినిపించింది. నీకు అబద్ధం ఎందుకు, చెవులు మూసుకుందామనిపించింది. ఇప్పుడు పరీక్షకు ల్యాబులోనే కూర్చుని నేర్చుకుంటున్నాను. నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. రెండు రోజులు ఎక్కువ నవ్వారు, మూడో రోజు ఒక పిల్ల వచ్చి పట్టికలో గళ్లు కలపడం ఎట్లా సారు అని నన్నే అడిగింది. నాకు రాదని చెప్పాను. ఇద్దరం కలిసి సిద్ధార్థ్‌ను అడిగాం.

సోమవారం పొద్దున సోనుబాయి వచ్చింది. బోర్డు ముందు నిలబడి, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ పూర్తిగా చదివింది. నా పేరు దగ్గర వేలు కాసేపు ఆపింది. తర్వాత ఆఫీసులోకి వచ్చి నా బల్ల ముందు నిలబడి చెయ్యి చాపింది.

నేను చెవుల గుత్తి ఇచ్చాను. గంట ఆమే కొట్టింది, సరిగ్గా టైముకు.

మామ రాజలింగు